ఇనుముకు నలత

“ఒంట్లో కాస్త నలతగా ఉంది” అని ఇంట్లో ఎవరైనా అంటే మనం కంగారుపడం. జ్వరమా అంటే కాదు. నొప్పా అంటే ఫలానా చోట అని చూపలేరు. లేచి తిరుగుతూనే ఉంటారు, పొయ్యి వెలిగిస్తారు, చేనుకు పోతారు. చెయ్యి పట్టి చూస్తే ఒళ్లు చల్లగానే తగులుతుంది. అయినా లోపల ఏదో సరిగా లేదని ఆ మనిషికి తెలుసు, మనకూ తెలుసు. పని ఆగకుండా, పైకి గుర్తు కనబడకుండా, లోపల మొదలైన చెరుపుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు నలత. ఈ మాటను మనిషి ఒంటికే వదిలెయ్యకుండా ఇనుము దాకా, అల్యూమినియం దాకా, బండి ఇరుసు దాకా తీసుకుపోవాలని నా కోరిక. లోహాల గురించి తెలుగులో రాసేవాళ్లకు దీని అవసరం చాలా ఉంది. వాళ్లేమో అలసట అనే మాటతో సరిపెట్టుకుంటున్నారు.

సంగతి ఇదీ. ఒక కడ్డీ పది క్వింటాళ్ల దాకా తెగకుండా మోస్తుందనుకోండి. దానికి ఏడు క్వింటాళ్లు వేలాడదీస్తే ఏమీ కాదు. కానీ ఆ ఏడునే వేసి, తీసి, మళ్లీ వేసి, లక్షల సార్లు అలాగే చేస్తూ పోతే ఒకనాడు ఆ ఏడుకే పుటుక్కున తెగుతుంది. ముందురోజు దాకా బాగానే ఉంది కదా అంటారు చూసినవాళ్లు. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు ఇలాగే విరిగింది. పెట్టెలు ఒకదాని మీదికొకటి ఎక్కి అంటుకున్నాయి, యాభై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ బరువు పడి కాదు, రోజూ పడే బరువే పడి విరిగింది. అంతకు మూడేళ్ల ముందే, 1839లో, ఫ్రెంచి ఇంజనీరు పోన్సలే లోహం ఇలా తెగడానికి తన భాషలో అలసట అని పేరు పెట్టాడు. 1854లో బ్రైత్‌వైట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు తన వ్యాసం పేరులోనే ‘ఫెటీగ్’ అని రాశాడు. ఆ మాటే ప్రపంచమంతా స్థిరపడింది. మన దగ్గర వర్క్‌షాపుల్లో ఫెటీగ్ అనే అంటారు, అందులో తప్పేమీ లేదు. తెలుగు చేయాలనుకున్నవాళ్లు మాత్రం అలసట అనో శ్రాంతి అనో రాస్తారు. నాకు పేచీ అక్కడే.

అలసిన మనిషి చెట్టు కింద కూచుంటాడు. ఇన్ని నీళ్లు తాగుతాడు, ఒక కునుకు తీస్తాడు, లేచి మళ్లీ పార పడతాడు. విశ్రాంతితో తీరేదే అలసట. తీరనిదాన్ని మనం అలసట అనం, వేరే పేరు పెడతాం. నడిచి నడిచి లోపల చెడిన ఇరుసును ఏడాదిపాటు కొట్టంలో పడేసినా అది కోలుకోదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ చెడడం మొదలుపెడుతుంది. దీనికి ఒక చిన్న మినహాయింపు ఉంది. 2023లో అమెరికాలోని శాండియా ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఒక ప్లాటినం పొరలో, శూన్యంలో, కొన్ని నానోమీటర్ల పొడవున్న పగులు దానంతట అదే అతుక్కోవడం చూశారు. ఆ పొర మందం 40 నానోమీటర్లు. గాలి తగిలే మన ట్రాలీ ఇరుసుకు ఆ భాగ్యం లేదు.

నలతకు మూలం నలుగు. ఈ క్రియ సంసారం చాలా పెద్దది. బట్ట నలుగుతుంది. కాగితం నలుగుతుంది. పదిమంది పదేపదే నడిచింది నలిగిన బాట, అందరి నోళ్లలో ఆడింది నలిగిన మాట. అటు తల్లి, ఇటు భార్య, మధ్యలో మొగుడు నలుగుతాడు. పొగాకును అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలుపుతారు. పెళ్లికూతురికి పసుపూ పిండీ పెట్టి రుద్దేదీ నలుగే. ఒక్క దెబ్బకే నలిగేవి లేకపోలేదు, తలుపు సందున పడ్డ వేలు అలాంటిది. అయినా ఈ మాటకు ఎక్కువ వాడుక ఎక్కడుందో చూడండి. ఒత్తిడి చిన్నది. కానీ అదే చోట, మళ్లీ మళ్లీ. కట్టుడు తీగ తెంపడానికి పటకారు లేకపోతే తాపీమేస్త్రీ పక్కనున్న పిల్లగాడికి ఏం చెబుతాడు? అటు వంచు, ఇటు వంచు, నలిపి తెంపు అంటాడు. పదిసార్లు వంచాక ఆ చోట వేలు పెడితే చురుక్కుమంటుంది. ఇంకో రెండు వంపులకు తెగుతుంది. ఛార్జర్ వైరు మెడ దగ్గర ‘నలిగి’ తెగిందంటాం, అలసి తెగిందని ఎవరం అనం. అంటే లోహానికి ఈ రోగం వస్తుందని తెలిసినప్పుడు తెలుగు నోరు దానంతట అది ఎంచుకున్న మాట ఇదే. పుస్తకం రాసేటప్పుడు మాత్రం మరిచిపోయాం.

నలిగిన తరువాత ఏమవుతుంది? ఇక్కడ మా వైపు మాటలు పక్కన పెట్టుకుని చూడాలి. పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో ఉంటుంది మా రేగొండ. చుట్టూ పత్తి, మిరప, వరి. విరిగేవాటికీ, చీలేవాటికీ, పగిలేవాటికీ ఇక్కడి జనం నోట వేరువేరు మాటలు ఉన్నాయి. ఒకదాని చోట ఒకటి వాడరు.

నేలకు నెర్రె. ఎండాకాలం నల్లరేగడి చేను నెర్రెలు బాస్తుంది, అరచెయ్యి దూరేంత. తొలకరి గట్టిగా పడితే అదే నెర్రె మూసుకుపోతుంది. ఆ మట్టిలోని సన్నని బంకరేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకుపోతాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ నేలను ‘రెగర్’ అని కూడా రాస్తారు, అది మన రేగడే. నెర్రె వచ్చిపోయేది, ఏటేటా మానేది. కాబట్టి ఇనుముకు నప్పదు.

కట్టెకు, వెదురుకు, గుడ్డకు చీలిక. నార ఎటు పోతే అటు పోతుంది. గోడకూ చెరువు కట్టకూ బీట.

గాజుకూ గుడ్డుకూ తలకాయకూ పగులు. మా వైపు దాన్ని పలుగు అంటారు. గ్లాసు పలిగింది, కుండ పలిగింది, తల పలిగింది. గకారం, లకారం చోట్లు మార్చుకున్నాయి, అంతే. బరో, ఎమెనో కలిసి 1961లో తెచ్చిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువు ఈ పగులునూ, శత్రుత్వమనే అర్థమున్న పగనూ, వాటా అనే అర్థమున్న పాలునూ ఒకే మూలం కిందికి చేరుస్తుంది. ఒకటిగా ఉన్నది రెండు కావడమే ఆ మూలానికి అర్థం. అన్నదమ్ముల మధ్య పాలు తేలినా, పగ రగిలినా, కుండ పగిలినా జరిగేది అదే. కాబట్టి పలగడమంటే పని పూర్తయిపోవడం. గ్లాసు పలిగిందంటే చీపురు తెమ్మని అర్థం.

ఇక పర్రె. నాకు అన్నిటికంటే విలువైన మాట ఇదే. పర్రె పడ్డ కుండ ఇంకా కుండే. చేత్తో తడిమితే దొరకదు, కంటికి ఆనదు. నీళ్లు పోస్తే నిలుస్తాయి, మహా అయితే అడుగున చెమ్మ ఊరుతుంది. అంగడిలో కుండ బేరమాడే అమ్మ దాన్ని ఎడమచేత్తో పైకెత్తి, కుడిచేతి వేలి కణుపుతో నాలుగు పక్కలా కొట్టి చెవి పెడుతుంది. మంచి కుండ కంగుమంటుంది. పర్రె ఉన్నది బొద్దుగా పలుకుతుంది, ఎందుకంటే పర్రెకు రెండు వైపులా ఉన్న అంచులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ మోతను మింగేస్తాయి. “దీనికి పర్రె ఉన్నదే” అని ఆమె పక్కన పెట్టిందంటే అది ఇంకా పలగలేదు, కానీ పలుగుతది అని తీర్పు చెప్పినట్టు. ఇప్పటికి ఒకటే, రేపటికి రెండు అన్న అర్థాన్ని రెండక్షరాల్లో చెప్పే మాట మరొకటి నాకు కనబడదు.

నలత, పర్రె, పలగడం. లోహశాస్త్రం కూడా ఈ తెగడాన్ని మూడు దశలుగానే విడదీస్తుంది. మొదట లోహపు గింజల లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారడం మొదలవుతుంది. యూయింగ్, హంఫ్రీ అనే ఇద్దరు 1903లో స్వీడన్ ఇనుమును పదేపదే వంచుతూ మైక్రోస్కోపు కింద ఆ జారుడు గీతలను చూశారు. వంపులు పెరిగేకొద్దీ గీతలు ముదిరి, చివరికి ఆ గీతల్లోనే పగుళ్లు పుట్టాయి. పుట్టిన పగులు ఒక్కో భారానికి ఇంతింత ముందుకు జరగడం రెండో దశ. మిగిలిన లోహం మోయలేనంత తక్కువైనప్పుడు ఒక్కసారిగా తెగడం మూడోది. పేర్ల కోసం సంస్కృత నిఘంటువు తిరగేయాల్సిన పని లేదు.

ఈ మూడింటిలో చివరి రెండూ ఒకేచోట చూడాలంటే విరిగిన ఇరుసు ముఖాన్ని దగ్గరగా పట్టుకోవాలి. పత్తి తీసే రోజుల్లో బస్తాలు కొండలా ఎత్తిన ట్రాక్టరు ట్రాలీలు మా రోడ్ల నిండా ఉంటాయి. రోడ్డు పక్క వెల్డింగ్ షాపు ముందు ఒకసారి అలాంటి ట్రాలీ ఇరుసు ముక్క నా చేతికి వచ్చింది. గుండ్రటి ముఖం, చక్రం వైపు మెడ దగ్గర తెగింది. అంచున ఒకచోట గోరంత మచ్చ. అక్కడి నుంచి దాదాపు సగం ముఖం నున్నగా ఉంది, వేలికి జారుతోంది. ఆ నున్నటి భాగం మీద విల్లులా వంగిన సన్నని గీతలు, అన్నీ ఆ మచ్చ చుట్టూనే. గీతకూ గీతకూ మధ్య ఎడం దూరం పోయేకొద్దీ పెరిగింది. మిగతా సగం గరుకుగా, పలుకులు పలుకులుగా, తెల్లగా మెరుస్తోంది. నున్నటి సగానికి తుప్పు పట్టింది, గరుకు సగానికి పట్టలేదు. షాపతను నా చేతిలోంచి తీసుకుని బొటనవేలితో తుప్పు వైపు చూపించాడు. “ఇది ఇయ్యాల ఇరిగింది గాదు సార్, పాత పర్రె. ఎన్నొద్దుల సంది ఉన్నదో. గీ తెల్లగున్నదే ఇయ్యాల పల్గింది.”

లోహశాస్త్రం చదివినవాడు రెండు పేజీల్లో రాసేది అతను రెండు మాటల్లో చెప్పాడు. నున్నటి సగం నెలల తరబడి మెల్లగా పెరిగిన పర్రె. దాని రెండు ముఖాలు రాసుకుని రాసుకుని నునుపెక్కాయి, లోపలికి గాలీ తడీ పోయి తుప్పు పట్టింది. విల్లు గీతలు ఒక్కో లోడుకు ఒక్కొక్కటి కావు. బరువు మారినప్పుడు, బండి కొన్నాళ్లు ఆగి మళ్లీ కదిలినప్పుడు పడేవి. ఒక్కో కుదుపుకు పడే గీతలు వేరే ఉంటాయి, వాటి మధ్య ఎడం తరచు ఒక మైక్రాను కూడా ఉండదు. అవి కనబడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

కానీ ఇదంతా విరిగాక చదువుకునే చరిత్ర. విరగకముందే, ఇరుసు ఇరుసుగా ఉండగానే, లోపలి పర్రెను చూడాలి. ఎక్స్‌రే అవసరం అక్కడ వచ్చింది.

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జన్ ఈ కిరణాలను గుర్తించి, ఏమిటో తెలియదు కాబట్టి లెక్కల్లో తెలియనిదానికి పెట్టే అక్షరం పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలు ‘క్ష-కిరణాలు’ అన్నాయి. పలకడంలో దగ్గరగా ఉందని క్షకారం తెచ్చుకున్నారు, తెలియనిదనే అర్థం పోయింది. అయినా ఆ అక్షరం నాకు ఇష్టం. ఎందుకంటే ఎక్స్‌రే ఫిల్ము మీద మనం చదివేది క్షయాన్నే. లోహంలోంచి పోయేటప్పుడు కిరణాలు ఎంత తగ్గిపోయాయన్నదే ఆ బొమ్మ. మందంగా ఉన్నచోట ఎక్కువ తగ్గి ఫిల్ము తెల్లగా ఉంటుంది. లోపల గాలిబుడగ ఉంటే అక్కడ తక్కువ తగ్గి నల్లమచ్చ పడుతుంది. అంటే ఎక్స్‌రే లోహాన్ని చూపించదు, లోహం ఎక్కడ లేదో చూపిస్తుంది. రాంట్‌జన్ తన భార్య చేతి ఎముకలతో పాటు తన తుపాకీని కూడా ఇలా తీసి చూశాడు. లోహాలకు ఎక్స్‌రే తీయడం ఆయనతోనే మొదలైంది.

రేగొండ దాటి భూపాలపల్లి వైపు పోతే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. ఇలాంటి ఏ కేంద్రంలోనైనా బాయిలరంటే వేలకొద్దీ గొట్టాల అల్లిక, గొట్టానికీ గొట్టానికీ మధ్య వెల్డింగ్ అతుకులు. ఆ అతుకులకు ఎక్స్‌రే లాంటి పరీక్షే చేస్తారు. ఎక్కువగా వాడేది కరెంటుతో నడిచే ఎక్స్‌రే గొట్టం కాదు, ఇరిడియం-192 అనే రేడియోధార్మిక బిళ్ల. దాన్నుంచి వచ్చేవి గామా కిరణాలు. పనివాళ్లు దాన్ని ‘సోర్స్’ అంటారు, అది దాగి ఉండే బరువైన పెట్టెను ‘కెమెరా’ అంటారు. మిగతావాళ్లు లేని వేళ చూసి, చాలాచోట్ల రాత్రిపూట, చుట్టూ తాడు కట్టి, ఎవరూ రాకుండా చూసుకుని, అతుకుకు ఒక పక్క ఫిల్ము కట్టి, దూరం నుంచి చేత్తో తిప్పే తీగతో సోర్స్‌ను పెట్టెలోంచి బయటికి పంపుతారు. లెక్క ప్రకారం ఇన్ని నిమిషాలు. మళ్లీ లోపలికి లాగుతారు. ఇరిడియం బలం 74 రోజులకు సగమైపోతుంది కాబట్టి నెల గడిచిన సోర్స్‌కు నిమిషాలు పెరుగుతాయి. దాదాపు 13 మిల్లీమీటర్ల ఉక్కు దాటేసరికి దాని కిరణాలు సగానికి తగ్గుతాయి. కడిగి ఆరబెట్టిన ఫిల్మును వెలుగుపెట్టె మీద పెడితే అతుకు ఒక తెల్లటి పట్టీలా, పక్కన సీసపు అక్షరాల గుర్తులతో, సన్నని కొలత తీగల నీడలతో కనబడుతుంది. ఆ తీగల్లో ఎంత సన్నది కంటికి ఆనితే ఆ ఫిల్ము అంత నమ్మదగినది.

ఇంత చేసినా, పర్రె విషయంలో ఈ ఫిల్ము పెద్దగా నమ్మదగినది కాదు. దీన్ని దాచకుండా చెప్పాలి. 20 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కులో 5 మిల్లీమీటర్ల లోతు, మిల్లీమీటరులో నూరోవంతు ఎడమున్న పర్రె ఉందనుకోండి. కిరణం సరిగ్గా ఆ పర్రె వెంట, అంచు నుంచి అడుగుదాకా పోతే దాని దారిలో 5 మిల్లీమీటర్ల ఉక్కు లేనట్టే, సన్నని నల్లగీత పడే ఆశ ఉంది. అదే కిరణం పర్రెకు అడ్డంగా పోతే 20 మిల్లీమీటర్లలో లేనిది నూరోవంతు మిల్లీమీటరే. ఫిల్ముకు అది లెక్కలోకి రాదు. కొన్ని డిగ్రీలు పక్కకు జరిగినా చాలు, గీత చెదిరిపోతుంది. అందుకే వెల్డింగ్‌లో మిగిలిన గాలిబుడగలకూ, చిట్టెపు ముక్కలకూ, అతకని ఖాళీలకూ ఈ పరీక్ష మంచిది. నలిగి పుట్టిన పర్రెను వెతకడానికి ఎక్కువగా అల్ట్రాసౌండునూ, పైన ఎర్రరంగు పూసి తెల్లపొడి చల్లే పద్ధతినీ వాడతారు. రైలు పట్టాల లోపలి పర్రెలను పట్టుకునేదీ అల్ట్రాసౌండే. లోహంలోకి మోతను పంపి అది ఎలా తిరిగొస్తుందో వినడమది. అంగడిలో కుండ కొట్టి చూసే అమ్మ విద్యకూ దానికీ దూరం తక్కువే.

ఈ పరీక్షల అవసరం ముందుముందు పెరిగేదే. పగటిపూట సౌర విద్యుత్తు పెరుగుతున్నకొద్దీ బొగ్గు కేంద్రాలను మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచాల్సి వస్తోంది. ఎప్పుడూ ఒకే వేడిలో ఉండేలా కట్టిన మందపాటి ఉక్కు రోజూ చల్లారి, రోజూ వేడెక్కితే, బరువేమీ పడకుండానే వేడికి నలుగుతుంది.

మరి ఎక్స్‌రే పర్రెను ఎలా పట్టుకుంది? ఒక్క నీడతో సరిపెట్టుకోవడం మాని, కోయకుండానే లోపలి రూపాన్ని మొత్తం కట్టడం నేర్చుకుని. ఆస్పత్రిలో సీటీ స్కాన్‌లాంటిదే, కాకపోతే వందల రెట్లు సూక్ష్మం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 844 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతివేగంతో తిరుగుతుంటాయి. అయస్కాంతాల దగ్గర వంగినప్పుడల్లా అవి బహుశక్తిమంతమైన ఎక్స్‌రేలు చిమ్ముతాయి. మన దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 అలాంటిదే, శక్తి 2.5 జీఈవీ, అందులో బొమ్మలు తీయడానికి విడిగా ఒక దారి ఉంది. అగ్గిపుల్లంత లోహపు కడ్డీని ఆ కిరణాల ముందు నిలబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ వందల, వేల నీడలు తీసి, వాటన్నిటినీ కంప్యూటరులో కలిపితే మైక్రాను స్థాయిలో లోపలి బొమ్మ వస్తుంది. ఆ కిరణాలకు మరో గుణముంది. అవి క్షయాన్నే కాదు, పర్రె అంచు దగ్గర తమ అలల నడకలో వచ్చే తేడానూ చూపుతాయి. కాబట్టి లోహం దాదాపు ఏమీ తగ్గని చోట కూడా అంచు గీసినట్టు కనబడుతుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఊరికే నిలబెట్టిన కడ్డీలో పర్రె సరిగా కనబడదు. బరువు తీసేస్తే దాని పెదవులు మూసుకుంటాయి. 1970 ప్రాంతంలో ఎల్బర్ అనే పరిశోధకుడు దీన్ని తేల్చాడు. లాగుతున్న బలం ఇంకా మిగిలి ఉండగానే పర్రె మూసుకుపోతుందని, మళ్లీ కొంత లాగితే గానీ తెరుచుకోదని. వెనక సాగిపోయిన లోహమే ఆ రెండు ముఖాల మధ్య అడ్డుపడుతుంది. అందుకే పరిశోధకులు కడ్డీని లాగే యంత్రాన్నే కిరణాల ముందుకు తెచ్చారు. లాగిపట్టి ఒక బొమ్మ, వదిలి ఒక బొమ్మ, మళ్లీ వేలసార్లు నలిపి ఇంకో బొమ్మ. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో బుఫియేర్ బృందం, జపాన్‌లో టోడా బృందం, మాంచెస్టర్‌లో విదర్స్ బృందం ఈ దారిలో ఏళ్లతరబడి పనిచేశాయి. కోయకుండా చూసిన ఆ బొమ్మల్లో పర్రె తిన్నని గీత కాదు. ఒకచోట ముందుకు దూకి, పక్కన లోహపు గింజ సరిహద్దు దగ్గర ఆగిపోయి, వంపులు తిరిగి, చిన్న చిన్న వంతెనలు మిగిల్చి, కొన్నిచోట్ల ముఖాలు తాకుతూ, కొన్నిచోట్ల తెరుచుకుని ఉండే ఒక ఎగుడుదిగుడు తలం. పైనుంచి కనిపించే పొడవును బట్టి లోతు ఇంత అని వేసిన లెక్కలు చాలాసార్లు తప్పని తేలింది. పోతపోసిన అల్యూమినియంలోనైతే పర్రె ఎక్కువగా ఉపరితలం దగ్గరి సన్నని బుడగ నుంచో, బొరియ నుంచో మొదలవడం కనబడింది.

బరువు పడ్డప్పుడే తెరుచుకుని, బరువు పోగానే మూసుకునేదాన్ని ఏమనాలి? పగులు అంటే ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు ధ్వనిస్తుంది. చీలిక అన్నా అంతే. పర్రె ఒక్కటే మూసుకుని ఉండి కూడా ఉన్నట్టు లెక్క.

మనిషి ఒంటికి వస్తే, ఇక్కడ ఒక మాట సరిచూసుకోవాలి. మా వైపు బొక్క అంటే ఎముక. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు బొక్క అంటే కన్నం. ఎక్స్‌రే దగ్గర ఈ రెండర్థాలూ కలుస్తాయి. ఆస్పత్రి ఎక్స్‌రే వెతికేది మా బొక్కను, ఫ్యాక్టరీ ఎక్స్‌రే వెతికేది వాళ్ల బొక్కను. ఎముకకు వచ్చే సన్నని పగులును ఊళ్లో అందరూ ‘ఎయిర్ క్రాక్’ అంటారు. వెంట్రుకంత అని చెప్పే ఇంగ్లీషు ‘హెయిర్‌’లో హకారం జారిపోయి గాలి మిగిలింది. మెకానిక్కులు ఇంజను బ్లాకుకూ అదే మాట వాడతారు. జారిపోయినా చెడలేదు, పర్రెలో ఉండేది గాలే కదా.

పోలీసు కొలువుల నోటిఫికేషను పడగానే తెల్లవారుజామున రోడ్ల మీద పిల్లలు ఉరుకుతుంటారు. అంతకుముందు అలవాటు లేని కాళ్లు, తారు రోడ్డు, పలుచటి బూట్లు. కొందరికి మోకాలి కింద ముందుబొక్క మీద ఒక్కచోట నొప్పి మొదలవుతుంది. ఎక్స్‌రే తీయిస్తే తరచు ఏమీ కనబడదు. ఏం లేదన్నారని మళ్లీ ఉరుకుతారు. ఇది కొత్త రోగం కాదు. 1855లో ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హౌప్ట్ అనే వైద్యుడు కవాతు చేసి చేసి పాదాలు వాచిన సైనికుల గురించి రాశాడు. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. రాంట్‌జన్ కనుగొన్న రెండేళ్లకు, 1897లో, ష్టెఖోవ్ ఎక్స్‌రే తీసి అవి పాదపు ఎముకల పగుళ్లని చూపించాడు. నాకు తెలిసినంతలో, నలిగి పుట్టిన పర్రెను ఎక్స్‌రే పట్టుకున్న తొలి సందర్భాల్లో ఒకటి ఎముకలోదే. ఇప్పటికీ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. తరువాత కనబడేది కూడా పర్రె కంటే, దాన్ని అతకడానికి ఎముక కట్టుకున్న కొత్త గట్టు. కాబట్టి ఉరికే పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఎక్స్‌రేలో ఏం లేదంటే లోపల ఏం లేదని కాదు. ఒక్కచోటే నొప్పి నిలిస్తే ఆగాలి. ఎముక జీవమున్నది, ఆగితే మానుతుంది.

ఇనుముకు జీవం లేదు గానీ ఓపిక ఉంది. ఇది నేను అలంకారంగా అనడం లేదు. ప్రష్యా రైల్వేల ఇంజనీరు వోలర్ 1850ల నుంచి 1870 దాకా ఇరుసులను తిప్పి తిప్పి విరిచి ఒక సంగతి తేల్చాడు. భారం ఎంత ఊగుతుందన్నదే ముఖ్యం, ఆ ఊపు ఒక హద్దుకు లోపల ఉంటే ఉక్కు కోట్లసార్లకూ తెగదు. ఆ హద్దును మనం ఓపిక హద్దు అనుకోవచ్చు. తెలుగువాడు ఓపిక పట్టాడంటే బలం చూపాడని కాదు, మళ్లీ మళ్లీ పడ్డా తట్టుకున్నాడని. అల్యూమినియానికి అలాంటి తేటతెల్లమైన హద్దు లేదు, ఎంత చిన్న ఊపైనా లెక్కలో పడుతూనే ఉంటుంది. విమానాల రెక్కలకు ఇన్ని గంటలకొకసారి పరీక్ష అని రాసిపెట్టేది అందుకే. హైదరాబాదు ఈ విద్యకు మంచి ఇల్లు. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, పక్కనే మిధాని, అవతల అణు ఇంధన సముదాయం ఉన్న ఊరు. ఆ ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేసిన పల్లె రామారావు లోహాలు నలిగి తెగే తీరు మీద పేరుపొందిన పరిశోధకుడు. లోహాల గురించి ఇంత చేసిన నగరపు భాషలో ఆ రోగానికి సరైన పేరు లేకపోవడం బాగాలేదు. అందుకే నేను నలత అంటున్నాను.

నలతకే ఎందుకు ఓటు వేస్తున్నానో చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఉంది. ఇంతదాకా చెప్పిన ఎక్స్‌రే బొమ్మలన్నీ పర్రెను చూపేవే. పర్రె పుట్టక ముందు ఉండే చెరుపు, అంటే అసలు నలత, వాటికి చిక్కదు, అక్కడ లోహం ఎక్కడా తగ్గలేదు కదా. కానీ ఎక్స్‌రేకు నీడ తీయడమే కాక మరో పని తెలుసు. లోహపు గింజలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. ఆ వరుసల మీద పడ్డ ఎక్స్‌రే కొన్ని దిక్కుల్లోకే చెదిరి, ఫిల్ము మీద విడివిడి చుక్కలు పెడుతుంది. వరుసలు తిన్నగా ఉంటే చుక్కలు పదునుగా ఉంటాయి. 1936లో ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో గఫ్, వుడ్ ఇద్దరూ ఉక్కును పదేపదే నలుపుతూ ఇలాంటి ఫిల్ములు తీశారు. పర్రె పడక ముందే, పైకి ఏ మార్పూ లేని లోహంలోనే, తెగే స్థాయి భారం మోస్తున్న కడ్డీల చుక్కలు అలుక్కుపోయి పట్టీలుగా మారాయి. లోపలి గింజలు చితికి, వంకరపోయి, చిన్న చిన్న తునకలవుతున్నాయని దాని అర్థం. ఇవాళ చేత్తో మోసుకుపోయే యంత్రాలతో ఇరుసుల మీద, గేరు పళ్ల మీద ఆ చుక్కల జరుగుడునూ వెడల్పునూ కొలుస్తున్నారు. ఏ చోట లోహం ఎంత బిగిసి ఉంది, ఎంత చెదిరింది అనేది విరగకముందే అంకెల్లోకి వస్తోంది.